ఎనిమిదో పులి

నేను ఒక పులి ముఖాన్ని. అడవి పులిది కాదు, దసరా పులిది. పదో తరగతి జవాబు పత్రాలు నానబెట్టి రుబ్బి, చింతగింజల జిగురు కలిపి నన్ను చేశారు. అందుకే నాకు చదువు బాగానే ఉంది, కాకపోతే అంతా తప్పుల తడక. పసుపు రంగు పూసి, చారలు దిద్ది, కొబ్బరి పీచుతో మీసాలు అంటించి, గోదావరి పక్కన ఓ చిన్న ఊరికి అమ్మారు. అక్కడ ఒకే వీధిలో ఎనిమిది మంది పులివేషం కట్టేవారు. ఎనిమిది ముఖాలూ ఒకే అచ్చు. నేను టైలర్ నూకరాజు వాటాకి వచ్చాను.

నూకరాజంత మెత్తని మనిషిని నేను చూడలేదు. "చంకల దగ్గర బిగుతుగా ఉందాండీ?" అని పదిసార్లు అడిగి, అయినా నమ్మక ఓ అంగుళం వదిలేవాడు. అలాంటివాడు మా వీధి మేళగాడు తాతారావు డప్పు వినబడితే చాలు, ఒళ్ళు మరిచిపోయేవాడు. చిన్నప్పుడు అతనికి అడుగులు నేర్పింది తాతారావే. ఆ దెబ్బకి నా కాగితం కూడా జిల్లుమనేది. ఏడాదంతా మేకుకి వేలాడుతూ నేను ఎదురుచూసింది ఆ చప్పుడు కోసమే.

వినాయక చవితి వెళ్ళగానే మేళగాడి ఇంటికి వెళ్ళి తాంబూలం ఇచ్చి పిలవడం ఆ ఊరి మర్యాద. ఒక సంవత్సరం ఎనిమిది మందిలో ప్రతివాడూ ఇంకొకడు ఇచ్చి ఉంటాడులే అనుకున్నాడు. తాతారావు పదిహేను రోజులు గుమ్మంలో కూర్చుని చూశాడు. చివరికి పడమటి వీధి వాళ్ళు తాంబూలం తెస్తే పుచ్చుకున్నాడు. తప్పు తమదేనని మా వాళ్ళకి తెలుసు. అందుకే కోపం ఆయన మీదకి మళ్ళింది. మనుషులకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

దశమి సాయంత్రం కూడలిలో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. ఎవరి డప్పు ముందు ఆగితే వాళ్ళు పక్కకి తప్పుకోవాలి. మా అరువు మేళం కాసేపటికే చేతులెత్తేసింది. జనం ఈలలు వేశారు. మా ఎనిమిది ముఖాల్లో ఏదో ఒకటి, "మనల్ని కాదని వాళ్ళకి వాయిస్తాడా! కొట్టండ్రా!" అని అరిచింది.

ఏదో ఒకటి కాదు. ఆ మాట నాలోంచే వచ్చింది. ఆ గొంతు నూకరాజుదని నేనే నమ్మలేకపోయాను. లోపల అతని ఊపిరి నిప్పులా ఉంది. ఇంకో ఏడు పులులు పక్కన చేరాయి. జనాన్ని జరిపే వెదురు కర్ర నూకరాజు చేతిలో లేచింది. తాతారావు డప్పుకి అడ్డంగా కుడిచెయ్యి పెట్టుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

తర్వాత రైసుమిల్లు వెనక అందరూ ముఖాలు విప్పారు. "ఎవర్రా కొట్టింది?" అని ఒకర్నొకరు అడిగారు. నూకరాజూ అడిగాడు. "పులులు కొట్టాయంట" అని ఊరు సరిపెట్టుకుంది.

చెయ్యి వంకరగా అతుక్కుంది. తాతారావు ఎనిమిది మంది గుమ్మాలూ తొక్కడం మానేశాడు. ఆరు నెలలు నూకరాజు కుట్లు వంకర పోయాయి. చివరికి ఒక ఉదయం నన్ను సంచిలో వేసుకుని తాతారావు ఇంటికి వెళ్ళాడు. అరుగు మీద పెట్టి నిలబడ్డాడు.

తాతారావే అన్నాడు. "నొప్పి పోయిందిరా. కానీ మీ ఎనిమిది మందిలో ఎవడు ఎదురొచ్చినా వీడేనేమో అనిపిత్తంది. మిమ్మల్నందర్నీ ఎత్తుకు తిప్పినోణ్ణి. ఆ ఒక్కడెవడో తెలిత్తే, మిగతా ఏడుగురూ నాకు మళ్ళీ దొరుకుతారు కదరా."

నూకరాజు నన్ను ఆయన వైపు జరిపాడు.

"నేనే మావా."

తాతారావు తిట్టలేదు, కొట్టలేదు. వంకర చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "సరే. ఆళ్ళని రేపు రమ్మను" అని లోపలికి వెళ్ళిపోయాడు. నూకరాజు నన్ను తెచ్చి మళ్ళీ మేకుకి తగిలించాడు.

ఏడుగురూ వెళ్ళారు. భోజనం చేసే వచ్చారట. దసరాకి తాంబూలం కూడా ఏడుగురూ కలిసే ఇచ్చారు. ఆయన ఎడమ చేత్తో వాయించడం నేర్చుకున్నాడు.

నాకు ఆ డప్పు కావాలి. చేసిన పనికి సిగ్గుగానే ఉంది, అయినా కావాలి. దసరా రోజు పొద్దున్నే అది వీధి మొదట్లో మోగింది. ఎడమచేతి దెబ్బ కొత్తగా ఉన్నా మనిషి ఆయనే. కిటికీ పక్కన నూకరాజు ఎవరిదో చొక్కా కుడుతున్నాడు. మిషను మీద అతని కాలు ఆ దరువుకే ఆడుతోంది. కాసేపటికి అతనికే తెలిసింది. కాలు తీసి నేల మీద పెట్టుకున్నాడు.