ఐడ్లింగ్ కుదరని మోటారు

బుల్లియ్య కోటిపల్లి రేవులో పాత మోటారు పడవ నడిపేవాడు. ఆ మోటారు కాకినాడలో చేపలవాళ్ళు వాడి వాడి వదిలేసింది. దాన్ని కొన్న రోజు నుంచీ అతను పెళ్ళాం సంపూర్ణమ్మతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడేవాడు. సంపూర్ణమ్మ ఏమీ అనుకోలేదు. మోటారు కూడా అతని మాట వినేది కాదు.

దాని జబ్బు ఒక్కటే. వేగంగా పొమ్మంటే పోయేది, నెమ్మదించమంటే చచ్చేది. రోజూ పొద్దున్నే బుల్లియ్య దాన్ని పెరట్లో నీళ్ళ డ్రమ్ముకు తగిలించి, గేరు వేయకుండా స్టార్టు చేసి, కార్బొరేటరు పక్కన, మోటారు ఆగకుండా నెమ్మదిగా తిరిగేలా కుదిర్చే ఐడ్లింగ్ స్క్రూ తిప్పి, కళ్ళు మూసుకుని వినేవాడు. వీణలా ఉందనేవాడు. రేవులో గేరు వేసిన మరుక్షణం వీణ ఆగిపోయేది. ఇక సంపూర్ణమ్మ పడవ నెట్టే గడ అందుకోవాల్సిందే.

తొంభై ఎనిమిది కార్తీకంలో ద్రాక్షారామం దగ్గరి రైతు జగన్నాథరావు, తండ్రి అస్థికలు గోదారిలో కలపడానికి ఆ పడవ మాట్లాడుకున్నాడు. పోయిన సుబ్బరాయుడుగారికి నిదానమంటే పడదు. అన్నం చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకున్న మనిషి. కొడుకు దానికి పూర్తిగా విరుద్ధం. ఒక్క మంత్రం కూడా తగ్గకూడదని పురోహితుడు సోమయాజులుగారికి ముందే చెప్పాడు. తల్లి చిన్నమ్మాయిగారు, ఎవరు వద్దన్నా వినకుండా తనూ వచ్చి పడవెక్కింది.

నది మధ్యలో సోమయాజులుగారు గొంతు సవరించుకున్నారు. బుల్లియ్య వేగం తగ్గించాడు. మోటారు ఆగింది. ఆయన గోత్రం దాకా వచ్చేసరికి పడవ ఇసుక తిన్నె వైపు కొట్టుకుపోతోంది. బుల్లియ్య తాడు లాగీ లాగీ స్టార్టు చేసి మళ్ళీ మధ్యకు తెచ్చాడు. మళ్ళీ గోత్రం, మళ్ళీ తిన్నె. ఇంకోసారి కూడా అంతే అయ్యేసరికి సోమయాజులుగారు, ఈ మోటారుకు వీళ్ళ గోత్రం గిట్టదేమో అన్నారు.

బుల్లియ్యకు రోషం వచ్చింది. మోటారును న్యూట్రల్‌లో పెట్టి స్క్రూ తిరిగినంత బిగించాడు. అది రైసుమిల్లులా హోరెత్తింది. ఆ హోరులో సోమయాజులుగారు మంత్రాలు అరుస్తున్నారు. జగన్నాథరావు రెండు చేతులా అస్థికల కుండ పట్టుకుని అంచు దగ్గర నిలబడ్డాడు. పడవ తిన్నెకు దగ్గరవుతోంది. మోటారు ఇంత జోరు మీదుండగా గేరు వేస్తే పడవ ఎగురుతుందని సంపూర్ణమ్మ మొగుడి చెవిలో చెప్పింది.

"నువ్వు పడవలో నీళ్ళు తోడవే," అని బుల్లియ్య గేరు వేశాడు.

పడవ ఎగిరింది. సోమయాజులుగారు వెల్లకిలా పడ్డారు. ఆయన మీద జగన్నాథరావు పడ్డాడు. కుండ మాత్రం ఎవరి మీదా పడకుండా బుడుంగుమని గోదారిలో మునిగింది.

బుల్లియ్య మోటారు ఆపేశాడు. జగన్నాథరావు లేచి నీళ్ళకేసి చూశాడు. మంత్రం సగంలోనే ఉందని, నాన్న ఇలా వెళ్ళిపోయాడేమిటని గొణిగాడు. అప్పుడు చిన్నమ్మాయిగారు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"పెళ్ళిలోనూ అంతేరా. పంతులుగారు చెప్పకముందే తాళి కట్టేశారు. ఆయన ఎవరి కోసం ఆగారు గనక?"

ఆ నవ్వులోనే ఆవిడకు ఏడుపొచ్చింది. తండ్రి పోయినప్పటి నుంచీ తల్లి ఏడవడం జగన్నాథరావు చూడలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. సంపూర్ణమ్మ గడ వేసి పడవను నిలబెట్టింది. వినాల్సిన మనిషి ఇక్కడే ఎక్కడో ఉంటాడంటూ సోమయాజులుగారు పంచె సర్దుకుని, మిగతా మంత్రాలు నీళ్ళకు చదివారు.

మర్నాడు బుల్లియ్య డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్దామని పడవ మీంచి మోటారు విప్పబోతుంటే సంపూర్ణమ్మ అడ్డుపడింది.

"ఏవయ్యా, డ్రమ్ములో పడవుందా, బరువుందా, గోదారుందా? అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదురుద్ది?"

పడవను రేవులో గుంజకు గట్టిగా కట్టింది. మోటారు బాగా వేడెక్కేదాకా తిరగనిచ్చి, గేరు వేసి, స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేసింది. బుల్లియ్య అలిగి అటు తిరిగి కూర్చున్నాడు. హోరు తగ్గుతూ తగ్గుతూ నెమ్మదిగా, ఆగకుండా కొట్టుకోవడం మొదలయ్యాక తల తిప్పకుండానే, ఇంకో పిసరు తగ్గించమన్నాడు. ఆమె తగ్గించింది. మోటారు ఆగిపోయింది.

సంపూర్ణమ్మ ఆ పిసరే మళ్ళీ బిగించి తాడు లాగింది. ఈసారి ఆగలేదు.

"అదీ! మొదట్నుంచీ నేను చెప్తోంది అదేగా," అన్నాడు బుల్లియ్య.

సంపూర్ణమ్మ పడవ కట్టు విప్పి, తనే మోటారు దగ్గర కూర్చుంది.