నోటితో తీసిన ఫోటోలు

మా ఆయన చేతికి కెమెరా వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో మనుషుల విలువ పడిపోయింది. ఆయన వికారాబాదు తహసీలు ఆఫీసులో గుమస్తా. 1958 వానాకాలంలో తాండూరు పోయి, అక్కడ ఫోటోలు కడిగే మజహర్ సాబు దగ్గర ఓ పాత డబ్బా కెమెరా కొనుక్కొచ్చాడు.

రీలుకు ఎనిమిదే ఫోటోలు. ఆ ఎనిమిదీ అనంతగిరి గుట్టలకే. గుట్ట మీద మంచు, గుట్ట కింద మంచు, మంచు లేని గుట్ట. పరిగి బస్సెక్కినా, దోమ ఊరికి చుట్టపుచూపుగా పోయినా, తెచ్చేది ఎడ్లబండి వెనక దుమ్ము, వాగులో నీళ్లు. "ప్రకృతి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు గొంతే మారిపోతుంది. గొర్ల కాపరుల ఇంట పుట్టి, పదేళ్లు వచ్చేదాకా అవే గుట్టల మీద గొర్రెల వెంట తిరిగినవాడు. అప్పుడు కనబడని ప్రకృతి ఇప్పుడు డబ్బాలోంచి కనబడింది కాబోలు.

మా అత్త నాగవ్వకు ఒకటే కోరిక. తన ఫోటో ఒకటి కావాలి. ఎందుకో నాకు మాత్రమే చెప్పింది.

"మీ మామ పోయి ఇరువై ఏండ్లాయె పిల్లా. కండ్లు మూసుకుంటె ఆయన గొంగడి కనవడ్తది, చేతుల కట్టె కనవడ్తది. మొకం యాదికొస్తలేదు. నేను పోయినంక నా మొకం గట్ల మాయం గావద్దు."

ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె కొడుకుని అడిగింది. తల్లిని కాదనే ధైర్యం ఆయనకు లేదు. ఆమె కోసం రీలు వాడే మనసూ లేదు. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. ఈయనకు ఆ గుట్టే పినతల్లి.

అందుకని ఓ ఉపాయం కనిపెట్టాడు. అత్త మంచి చీర కట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడేది. ఆయన కెమెరాను కడుపుకు ఆనించుకుని, తల వంచి, "కదలకవ్వా" అని, నాలుకతో "టక్" అనేవాడు. మీట నొక్కేవాడు కాదు. మొదటిసారి అలా అన్నప్పుడు నేను రెండు బారల దూరంలో బియ్యం చెరుగుతున్నాను. ఆ చప్పుడు పుట్టింది కెమెరాలో కాదు, నోట్లో. ఫోటో తీశాక రీలు తిప్పాలి కదా, అదీ తిప్పలేదు. పక్కింటి ఉమ్రావ్ బేగం పిల్లలకూ, బంట్వారం నుంచి వచ్చిన చుట్టాలకూ అదే టక్. అందరూ సంతోషంగా పోయేవాళ్లు.

నెల తిరిగాక అత్త అడిగేది. "ఏదిరా కొడకా నా పోటువ?"

"నువ్వు కదిలినవే అవ్వా. కదిల్తె పడదు."

చూశారా, తప్పు కూడా ఆమెదే. పాపం, ఆమె నమ్మింది. నమ్మి, కదలకుండా నిలబడడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. పని లేనప్పుడల్లా గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కొట్టకుండా నిలబడేది.

"జర జూడు పిల్లా, కదిలిన్నా?"

"లేదత్తా."

అంతకుమించి చెప్పలేకపోయాను. మొగుడి గుట్టు నేనెందుకు రట్టు చేయాలనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మూడేళ్లలో ఆరుసార్లు ఆమె మంచి చీర కట్టి విప్పింది.

ఆ మూడో ఏడు చలికాలంలో ఓ పొద్దున, ఆయన మా ఇంటి వెనక కంది చేను గట్టున నిలబడ్డాడు. ఎదురుగా గుట్టలు, వాటి మీద మంచు, మంచు మీద అప్పుడే పడుతున్న ఎండ. రీలులో ఆఖరి ఫోటో. సరిగ్గా మీట నొక్కబోయే వేళకు అత్త చేనులోంచి చెంబు పట్టుకుని వస్తోంది.

"ఆగు! ఆడ్నే ఆగు!" అని కేక పెట్టాడు.

కొడుకు ఆగమన్నాడు, చేతిలో కెమెరా ఉంది. ఇంకేం, ఆమె చెంబుతో సహా అక్కడే బిగుసుకుపోయింది. ఈలోపు ఆయన వేలు మీట నొక్కనే నొక్కింది. నోటితో కాదు, నిజంగానే.

"బంగారమసొంటి గుట్ట, నడుమల చెంబు!" అని ఆ పూటంతా సణిగాడు. తర్వాత అత్త ఫోటో సంగతి అడిగితే, "పడలే, కదిలినవ్" అన్నాడు.

మాఘమాసంలో మూడు రోజుల జ్వరంతో అత్త పోయింది. తాండూరులో ఉండే మా ఆడబిడ్డ హన్మమ్మ వదినె రైల్లో వచ్చింది. అప్పటికి మా వాళ్ల ఆచారం ప్రకారం అత్త శవాన్ని వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. వదినె ఏడ్చి ఏడ్చి, మొహం తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, అవ్వ నీ ముంగట మస్తుసార్లు నిలవడ్డది. ఎప్పుడడిగినా కదిలిందంటివి. ఇగ కదల్దు. తియ్."

ఆయన కెమెరా తెచ్చి తల వంచాడు. అందులో రీలు లేదని నాకు తెలుసు. ముందు వారమే గుట్టకు ఖర్చయింది. ఆ టక్ కోసం నేను చెవులు రిక్కించాను. రాలేదు. నాలుక ఆడలేదు. కెమెరా కింద పెట్టి లోపలికి పోయి, తన పెట్టె అడుగు నుంచి ఓ ఫోటో తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

చేను గట్టు ఫోటో. మంచు చెదిరిపోయింది, కంది మొక్కలు గాలికి ఊగి మసకబారాయి. నడుమ అత్త, చేతిలో చెంబు. ఎవరో పక్కకు తిరిగి కిసుక్కుమన్నారు. వదినె నవ్వలేదు. ఫోటో కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. గోరంత మొహం. కళ్లు, ముక్కు పుల్ల, బిగబట్టిన పెదవులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"అవ్వ కదల్లే గదరా," అంది.

ఆయన గుంజ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడా ఫోటో మా గోడ మీద ఉంది, దండతో సహా. చేతిలో చెంబెందుకని ప్రతి చుట్టమూ అడుగుతాడు. నేను మొదటి నుంచీ చెబుతాను, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే.