భోజనాల వేళ తాళం

అమెరికాలోని డులూత్‌లో ఉండే పన్నెండేళ్ల ఇంగ్రిడ్‌కి నోట మాట రాదు. తెర మీది బొమ్మలు నొక్కితే ఆమె బదులు ట్యాబ్లెట్ మాట్లాడుతుంది. భోజనాల వేళ మాత్రం బడివాళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాలు ఒలికితే ఖరీదైన వస్తువు పాడవుతుందట.

ఏడాది చివరి సమావేశంలో హాల్వర్సన్ టీచర్ నివేదిక తీసింది. "తిండి దగ్గర పిల్లలంతా కబుర్లాడుకుంటారండీ. మీ అమ్మాయే ఎవరితోనూ కలవదు," అంది తల్లితో, ఇంగ్రిడ్ అక్కడ లేనట్టే.

ఇంగ్రిడ్‌కి ఒళ్లు మండింది. తల్లి ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కో బొమ్మా వెతికి నొక్కింది. అంతసేపూ అందరూ గడియారం చూస్తూ కూర్చున్నారు.

ట్యాబ్లెట్ నింపాదిగా పలికింది: "టీచర్, తినేటప్పుడు మీ నోరు తీసి ఏ బీరువాలో పెడతారు?"