పేషెంటు తాలూకు ఎవరు?

దీవిలో షాదీపూర్ పేట తెలుగు చర్చి సంఘమంతా అబిగేలుకి టైఫాయిడ్ అనే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, చెప్పింది తల్లి లీదియా కదా. సండే స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా అబద్ధమాడరాదని పిల్లల చేత వల్లె వేయించిన మనిషి. అలాంటి మనిషి జన్మకొక్క అబద్ధం ఆడితే అది ఎంత గట్టిగా నిలబడిందంటే, ఆదివారం సంఘమంతా మోకాళ్ళూని టైఫాయిడ్ క్రిముల మీద అరగంట ప్రార్థన చేసింది. లేని క్రిములు కనక వాటికేమీ కాలేదు.

ఉన్న జబ్బు వేరు. పన్నెండో తరగతి ప్రీ-బోర్డు పరీక్షల ముందు అబిగేలుకి నిద్ర పోయింది. దాని వెంబడి ఆకలి పోయింది. ఒకనాడు మిడిల్ పాయింట్ బజార్లో తమ స్టీలు సామాన్ల కొట్లో బిందెల వెనక్కి దూరి, కొట్టు కట్టేసే వేళ దాకా బయటికి రాలేదు. ఎందుకమ్మా అంటే, బయట గాలి సరిపోవడం లేదంది. తండ్రి కృపానందం కాంట్రాక్టు పని మీద కార్ నికోబార్ దీవిలో ఉన్నాడు. సముద్రం బాగాలేక ఓడ ఆగిపోయింది, ఏ కారణమూ లేకుండానే ఫోను సిగ్నలు ఆగిపోయింది. లీదియా ఒక్కతే కూతుర్ని గొడుగు చాటున ఆటో ఎక్కించి, ఆసుపత్రిలో మానసిక వార్డులో చేర్పించింది.

ఆ వార్డుకొక నియమం ఉంది. ప్రతి పేషెంటు పక్కనా తాలూకు మనిషి ఒకరు రాత్రింబవళ్ళు ఉండాలి. ఎవరుంటారో చేర్చేటప్పుడే కాగితం మీద రాయాలి. రోజూ హాజరు వేస్తారు. డిశ్చార్జి నాడు సంతకం పెట్టి తీసుకెళ్ళేది కూడా ఆ ఉన్న మనిషే, ఇంకొకరికి ఇవ్వరు. లీదియాకి ఉండడం కుదరదు. కొట్టుంది. అంతకంటే పెద్ద సంగతి, సంఘంలో నలుగురైదుగురికి ఆ ఆసుపత్రిలోనే ఉద్యోగాలు. వాళ్ళ కంట పడితే టైఫాయిడ్ బతకదు. అందుకని పేరు రాయాల్సిన గడిలో "వస్తారు" అని రాసేసి, వెనక గేటునుంచి వెళ్ళిపోయింది.

రాసిన మాట ఊరికే పోలేదు. వచ్చారు.

మర్నాడు పొద్దున ఇడ్లీలు పంచే వేళకి అబిగేలు మంచం పక్క స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ముతక చీర, నెత్తిన కొబ్బరినూనె, ముక్కుకి రెండు వైపులా పుడకలు. కొంగు చివరినుంచి నీళ్ళు కారుతున్నాయి. బయట వాన లేదు. అబిగేలు చూపు నేలకి దించితే ఆవిడ పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. హవాయి చెప్పులు మాత్రం పాదాలకి తగ్గట్టే, పద్ధతిగా తొడుక్కుంది.

"ఏటమ్మా, ఇడ్లీ సగం ఒదిలేసినావు?" అందావిడ. "ఒంట్లో ఏటుందని? తిను, నాను సూస్తన్నాను."

అబిగేలు అరుద్దామనుకుంది. అరిస్తే మందు పెంచుతారని గుర్తొచ్చి ఇడ్లీ తినేసింది.

ఆవిడ పేరు అచ్చమ్మ. ఊరు ఓడ మీద వెళ్ళాల్సిన హట్ బే. ఎప్పుడో ఏళ్ళ కిందట ఇదే వార్డులో కొడుకుని చేర్పించి, ఇదే స్టూలు మీద నలభై రోజులు కూర్చుంది. డిశ్చార్జి చెప్పిన రోజు ఓడ టికెట్లు తెద్దామని వెళ్ళి, జెట్టీ మెట్ల మీద పాచికి కాలు జారి సముద్రంలో పోయింది. కొడుకుని మేనమామ వచ్చి తీసుకెళ్ళాడు. అచ్చమ్మకి మాత్రం "నీ డ్యూటీ అయిపోయింది, ఇంక వెళ్ళు" అని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా పని మానేసే రకం కాదావిడ. తాలూకు లేని పేషెంటు ఎక్కడుంటే అక్కడ స్టూలు వేసుకుంటూ వస్తోంది.

దయ్యమంటే పీక పట్టుకుంటుందని అబిగేలు అనుకునేది. ఈ దయ్యం పేలు చూసింది. మంచులాంటి వేళ్ళతో పాపిడి తీసి, రెండు జడలు వేసి, "తల ఇంత మాసిపోతే బుర్రకి గాలేటి ఆడతాది" అని చీవాట్లు పెట్టింది. పక్క మంచం తులసమ్మ కోడలి కాపురం ఎలా ఉందో ఆరా తీసింది. ఊడ్చే మనిషికి జీతం ఎంతో కనుక్కుంది. చచ్చినా కొందరికి ఆరాలు చావవు.

రెండో రోజు అబిగేలు ధైర్యం చేసి సిస్టర్ దుర్గ దగ్గరికి వెళ్ళింది. దుర్గ ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న నర్సు. కాగితం సరిగ్గా ఉంటే యముడికైనా కుర్చీ వేస్తుంది, లేకపోతే మంత్రినైనా గుమ్మంలో నిలబెడుతుంది.

"సిస్టర్, నా పక్కనున్న ఆంటీ..."

"క్యా హువా? తిడుతోందా?"

"లేదు. ఆవిడ కాళ్ళు వెనక్కి ఉన్నాయి."

"కాళ్ళకి గడి లేదు బేటీ," అంది దుర్గ రిజిస్టరు తిప్పి చూపిస్తూ. "తాలూకు మనిషి హాజరా, కాదా. బస్, ఇంతే. హాజరు కదా? టిక్ పెట్టేశాను. నాకు రిటైర్మెంట్ ఇంకో పద్నాలుగు నెలలుంది, లేనిపోని సవాళ్ళు పెట్టకు."

డాక్టర్ రాజ్‌కిరణ్ శుక్రవారం రౌండ్స్‌కి వచ్చాడు. మంచివాడే, కాకపోతే ఆయన ప్రశ్నలు అచ్చేసిన కాగితం మీదివి.

"ఇతరులకి కనబడనివేమైనా నీకు కనబడుతున్నాయా?"

అబిగేలు స్టూలు వైపు చూసింది. అచ్చమ్మ వినయంగా లేచి నిలబడి ఉంది, మడమలు డాక్టరు వైపు పెట్టి.

"లేదు సార్," అంది అబిగేలు. "అందరికీ కనబడుతున్నాయి."

"వెరీ గుడ్," అని ఆయన రాసుకున్నాడు. అచ్చమ్మ వైపు తిరిగి, "చాలా బాగా చూసుకుంటున్నారమ్మా. ఇలాంటి తాలూకు ఉంటే సగం జబ్బు అదే పోతుంది," అన్నాడు. అచ్చమ్మ సిగ్గుపడింది. చీరలోంచి గ్లాసెడు ఉప్పునీళ్ళు ఒక్కసారిగా నేల మీదికి జారాయి. ఆయన బూటు తడిసిందని కూడా చూసుకోలేదు.

నిజం చెప్పుకోవాలంటే సగం జబ్బు పోయింది కూడా. మందుల వల్లో, అచ్చమ్మ వల్లో, అబిగేలు నాలుగు ముద్దలు తింటోంది, నాలుగు గంటలు పడుకుంటోంది. నిద్రలో ఉలిక్కిపడితే చల్లని చెయ్యి నుదుటి మీద ఉండేది. లీదియా రోజూ పన్నెండింటికి ఆటోలో క్యారియర్ పంపేది. అందులో అన్నం, చేపల పులుసు, "ధైర్యంగా ఉండు, ప్రార్థన చేసుకో, ఎవరడిగినా టైఫాయిడ్ అను" అని చీటీ. మనిషి మాత్రం రాలేదు. చీటీ చదివిన ప్రతిసారీ అబిగేలుకి ఏడుపొచ్చేది, ఆ తర్వాత కోపమొచ్చేది. చేపల పులుసు నీచు వాసన తగిలితేనే ఆ పిల్లకి నెల రోజులుగా కడుపులో తిప్పుతోందని అచ్చమ్మకి మొదటిరోజే తెలిసింది. మజ్జిగన్నం తెప్పించేది.

డిశ్చార్జి శనివారమని తేలింది. ఆ మాట విన్న తులసమ్మ అబిగేలుని కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఇను. నీ కంటే ముందు ఆ మంచం మీద ఒక పిల్ల ఉండీది. దానికీ ఈవిడే తాలూకు. సంతకం ఎట్టి తీసుకెళ్ళింది. ఈ కిటికీలోంచి సూశాను నేను, జెట్టీ కేసి నడిసెళ్ళారు. ఓడ ఎక్కలేదు. మెట్లు దిగారు. దిగుతానే ఉన్నారు."

అబిగేలు కిటికీ వదిలేసింది. మంచం దగ్గరికి వచ్చి, "పిన్నీ, రేపు నన్నెక్కడికి తీసుకెళ్తావు?" అని అడిగింది. ఆంటీ అంటే అచ్చమ్మ ఊరుకోలేదు మరి, మూడో రోజే పిన్ని అనిపించుకుంది.

"మా ఇంటికి," అంది అచ్చమ్మ, దుప్పటి మడత పెడుతూ. "ఇద్దరు పిల్లలున్నారు ఇప్పటికే. తోడుగుంటాది నీకు."

"వాళ్ళేం చేస్తుంటారు?"

"ఏటీ సెయ్యరు. సల్లగా పడుకుంటారు. అక్కడ సదువులు లేవు, పరీచ్చలు లేవు. ఎవులూ నిన్ను దాయరు, టైపాయిడ్ అనరు."

భయమేసింది, నిజమే. కాని ఆ మాటల్లో చివరిది అబిగేలు మనసులో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తనకి భయం వేసింది అచ్చమ్మని చూసి కాదు, వెళ్ళాలనిపించినందుకు.

శనివారం సాయంత్రం ఐదింటికి షాదీపూర్ ఇంట్లో కృతజ్ఞత కూడిక. స్వస్థత ఇచ్చిన దేవునికి స్తోత్రం చెల్లించాలి కదా. లీదియా అందరినీ పిలిచేసింది, ఎనభై కుర్చీలు దింపించింది, బిర్యానీ పొయ్యి మీద ఉంది. స్వస్థపడిన అమ్మాయి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి, ఆ సంగతి శుక్రవారం చీటీలోనే రాసింది. అంటే ఐదింటిలోగా అమ్మాయి ఇంట్లో ఉండి తీరాలి. పదకొండున్నరకి లీదియా కొత్త చుడీదారు సంచిలో పెట్టుకుని, కొంగు ముసుగేసుకుని, చేర్చిన తర్వాత మొదటిసారి వార్డులోకి అడుగుపెట్టింది.

సిస్టర్ దుర్గ రిజిస్టరు తెరిచింది. "ఏడో నంబరు. పేషెంటు తాలూకు ఎవరు?"

"నేనండి," అంది లీదియా.

"నానేనమ్మా," అంది అచ్చమ్మ.

లీదియా తిరిగి చూసింది. తడి చీర చూసింది, పాదాలు చూసింది. చేతిలో సంచీ, నెత్తిన ముసుగూ జారిపోయాయి.

"ఈవిడ పది రోజులు హాజరు," అంది దుర్గ. "మీకు ఒక్క టిక్ లేదు. పైగా మీరే రాశారు, వస్తారని. వచ్చింది. రూల్ ప్రకారం ఈవిడకే అప్పగించాలి."

"నేను కన్నతల్లినండీ," అంది లీదియా ఏడుపు గొంతుతో. "సిస్టర్, ఆవిడ... ఆవిడ మనిషి కాదు."

"కన్నతల్లికి గడి లేదమ్మా." దుర్గ కూడా రాయి కాదు. పెన్ను కాసేపు చెవి వెనక పెట్టుకుని ఆలోచించింది. "సరే, రెండు ప్రశ్నలు అడుగుతాను. తాలూకు అన్నాక పేషెంటు సంగతి తెలియాలి. ఈ పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుంది?"

లీదియా కూతురి మొహం కేసి చూసింది.

"పదీ ఇరవైకి," అంది అచ్చమ్మ. "మూడింటికి ఒకపాలి లెగిసింది, నీలు తాగింది."

"ఏం తింటుంది?"

"చేపల పులుసు," అంది లీదియా వెంటనే. ఇది తెలుసు తనకి. "చిన్నప్పట్నించీ ప్రాణం పెడుతుంది."

అబిగేలు తల దించుకుంది. అది చూసి లీదియాకి అర్థమైంది, రోజూ పంపిన క్యారియర్లు ఎక్కడికి పోయాయో.

"అయితే పిల్లనే అడుగుదాం," అంది దుర్గ. "బేటీ, ఎవరితో వెళ్తావు?"

ఒక్క మాట చాలు. మమ్మీ అంటే అయిపోతుంది. అబిగేలుకి ఆ సంగతి తెలుసు. తులసమ్మ చెప్పిన మెట్లూ గుర్తున్నాయి. అయినా మమ్మీ అంటే ఐదింటికి ఎనభై కుర్చీల ముందు నిలబడి, జ్వరం తగ్గిందని చెప్పాలి. సోమవారం నుంచి మళ్ళీ పుస్తకాలు, మళ్ళీ గాలి సరిపోకపోవడం, మళ్ళీ ఎవరికీ చెప్పకపోవడం. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగింది. అచ్చమ్మ తడి చెయ్యి చాపింది. అబిగేలు చెయ్యి మంచం మీదనుంచి, తనకే తెలియకుండా, కొంచెం లేచింది.

కూతురు దయ్యానికి చెయ్యివ్వబోవడం లీదియా కళ్ళారా చూసింది. పద్దెనిమిదేళ్ళ సండే స్కూల్లో ఏ సైతానూ ఆవిణ్ణి ఇంతగా భయపెట్టలేదు.

అప్పుడే ఫోను మోగింది. పాస్టరుగారు. లీదియా ఎత్తింది.

"పాస్టరుగారూ, కూడిక లేదండి. అబిగేలుకి టైఫాయిడ్ కాదు, నేను అబద్ధమాడాను. అమ్మాయి పిచ్చాసుపత్రిలో ఉంది. అవునండి, మానసిక వార్డే. ఏడో నంబరు మంచం. నేను కూడా ఇక్కడే ఉంటాను. ఎన్నాళ్ళో తెలీదు. బిర్యానీ చల్లారకుండా అందరికీ పెట్టేయండి."

ఫోను కట్టేసి దుర్గతో, "డిశ్చార్జి వద్దు సిస్టర్. ఇవాళ్టి నుంచి హాజరు నాకు వెయ్యండి," అంది. స్టూలు దగ్గరికి వెళ్ళి, దయ్యం ఎదురుగా నిలబడి, చేతులు జోడించింది. "అక్కా, కాస్త లేస్తావా? నేను కూర్చుంటాను."

ఒక పేషెంటుకి ఒకే తాలూకు. రూలు అచ్చమ్మకి దుర్గ కంటే బాగా తెలుసు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా లేచింది. మొహంలో కోపముంది, కొంచెం ఓటమి ఉంది, డ్యూటీ దిగే మనిషి అలసటా ఉంది.

"మజ్జిగన్నం తింటాది, ఉప్పు తక్కువెయ్యి," అంది లీదియాతో. "నీలిరంగు మాత్ర అన్నానికి ముందు. మూడింటికి లెగుత్తాది, అప్పుడు నువ్వు నిద్దరోకూడదు. మూడు దినాలు సూస్తాను నిన్ను. కుర్సీ కాళీగా కనబడిందో, మళ్ళీ వస్తాను. అప్పుడు అడగను."

మడమలు ముందుకేసుకుంటూ వరండాలోకి నడిచింది. నేల మీద తడి అడుగులు ఆవిడ వెళ్ళినట్టు కాక, వస్తున్నట్టు పడ్డాయి.

లీదియా స్టూలు మీద కూర్చుంది. చీర వెనక తడిసిపోయింది, లేవలేదు. వరండాలో సంఘం వాళ్ళమ్మాయెవరో యూనిఫారంలో వెళ్తూ, ఆగి, లోపలికి తొంగి చూసింది. లీదియా ముసుగు వేసుకోలేదు.

"నీకు రాత్రుళ్ళు ఏమవుతోందమ్మా?" అని అడిగింది. "నాకు తెలీదు. చెప్పు."

అబిగేలు చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలకే ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవకమ్మా అనబోయిన లీదియా ఆ మాట మింగేసి, స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.