నాన్న పటానికి తాజా దండ

బకెట్లో సబ్బునీళ్లు కలిపి దండను ముంచాను. ఒక్కొక్క పువ్వునూ బొటనవేలితో రుద్దుతున్నాను. నాన్న ఫోటోకి వేసే ప్లాస్టిక్ దండ అది. నెలకి రెండుసార్లయినా కడగాలి, లేకపోతే రేకుల సందుల్లో అగరొత్తుల మసి పేరుకుంటుంది. నాన్న పోయిన ఈ ఆరేళ్లలో ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకి వచ్చింది.

మా దాదా, అదే మా అన్నయ్య భానుదాస్, పూలు పెంచే పాలీహౌస్ నుంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంటది?"

"దండ."

"దండని నాకూ కనిపిస్తోంది వైజూ. ఇవాళ ఇంటికి ఎవరొస్తున్నారో తెలుసా నీకు?"

తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఎమ్మెల్యే సాహెబ్ వస్తున్నారు. ప్లాస్టిక్ పూలు ఆపించమని ఆయనచేత అసెంబ్లీలో అడిగించాలని మా చుట్టుపక్కల పూలరైతులు మూడు నెలలుగా తిరుగుతున్నారు. ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ సహాయకుడు గణపత్ తప్ప ఎవరూ కనబడలేదు. చివరికి ఆ గణపతే, "శనివారం సాహెబ్‌కి అటువైపు వేరే పనులున్నాయి, దారిలో మీ ఇంట్లో పది నిమిషాలు ఆపుతాను" అన్నాడు.

సోమవారం అసెంబ్లీ సమావేశాలు మొదలు. ఈసారి అక్కడ ఈ మాట రాకపోతే వినాయక చవితి మండపాలన్నీ మళ్లీ ప్లాస్టిక్ పూలతోనే నిండుతాయి. పోయిన ఏడాది కోసిన జెర్బెరా పూలు కోసినట్టే ఎరువుగుంటలో పోశాం. ఇంకోసారి అలా జరిగితే తోట పీకేసి చెరకు వేస్తానని, పాలీహౌస్ గొట్టాలు పాత ఇనుముకి అమ్మేస్తానని దాదా చెప్పాడు. చెప్పి ఊరుకునే మనిషి కాదు.

"పూలరైతు ఇంట్లో గోడమీద ప్లాస్టిక్ పూలు," అన్నాడు దాదా. "అది ఆయన కంటబడితే ఇక మనం నోరెత్తగలమా? ఎక్కడైనా దాచెయ్. నేను వేరే దండ కడతాను."

గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపింది.

"దసరాకి పూలడిగితే బండికి తక్కువపడతాయన్నావు. పోనీ, వంకర కాడది ఒక్కటివ్వరా అంటే, దాన్నీ ఎవడో కొంటాడన్నావు. ఇవాళ దొరికాయా మీ నాన్నకి పూలు?"

"ఆయీ, ఆ మాటలకి ఇదా సమయం?"

"నాన్నకి కాదులే. ఎమ్మెల్యేకి దొరికాయి."

దాదా పూలు తేవడానికి పాలీహౌస్ వైపు వెళ్లాడు. మా ఒక్క ఇంట్లోనే కాదు, ఇక్కడ పూలు పండించే ఏ ఇంట్లోనూ పూలు ఉండవు. తెల్లవారుజామున కోసినవి కోసినట్టే పెట్టెల్లోకి, పెట్టెలు బండిలోకి వెళ్లిపోతాయి. తోటి పూలరైతు నామదేవ్ తాత్యా ఇంట్లో దేవుడికి కూడా ప్లాస్టిక్ మల్లెలే.

రంగు పూలన్నీ పొద్దున్న బండికి వెళ్లిపోయాయి. మిగిలినవి తెల్లవి. దాదా తెల్ల జెర్బెరాకి నేలసంపెంగలు కలిపి చేయంత లావు దండ కట్టాడు. నీళ్లు చల్లి ఫోటోకి వేసేసరికి ఆ బరువుకి గోడమేకు ఊడి వచ్చింది. ఫోటోని కింద పీటమీద పెట్టి గోడకి ఆనించాడు. దాని ముందు అగరొత్తులు నేనే వెలిగించాను.

మధ్యాహ్నానికి రైతులు వచ్చారు. అంతమందికి చోటు చాలదని నామదేవ్ తాత్యా మంచాలు బయట వేయించి, గదిలో నేలమీద తెల్ల దుప్పటి పరిపించాడు. వయసులో అందరికంటే పెద్ద కాబట్టి ఆయన మాటే చెల్లుతుంది.

"ఎవరూ నోరు మెదపొద్దు," అన్నాడు తాత్యా. "భానుదాసే మాట్లాడతాడు. పోయినసారి అందరూ ఒక్కసారే అరిస్తే ఆ గణపత్ చెవులు మూసుకున్నాడు."

"మా ఆవిడ ముందు ఎలా కూర్చుంటానో అలా కూర్చోమంటావు, అంతేగా తాత్యా?" అన్నారెవరో.

"అంత భయం అక్కర్లేదులే. కాస్త తగ్గించుకో."

నవ్వులు ఇంకా ఆగకముందే జీపు చప్పుడైంది. అందరూ తెల్లటోపీలు సర్దుకుని తల దించుకుని కూర్చున్నారు. అమ్మ ఫోటో పక్కన ఉంది. తడి ప్లాస్టిక్ దండ ఆమె ఒళ్లో, కొంగు కింద ఉంది. పొద్దున దాదాతో ఆ మాటలయ్యాక ఆమె కళ్లు తుడుచుకోవడం ఆపలేదు.

ఎమ్మెల్యే సాహెబ్ చెప్పులు విడిచి గడపలో ఆగారు. పక్క ఊళ్లో పాత సర్పంచ్ పోతే ఆ ఇంటివాళ్లని పరామర్శించి నేరుగా వస్తున్నారు. ఆయన చూపు నీళ్లు కారుతున్న దండ మీద, తెల్ల దుప్పటి మీద, మాట లేని మనుషుల మీద నడిచి అమ్మ దగ్గర ఆగింది. నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. 'ముందే చెప్పొద్దా' అన్నట్టు గణపత్ వైపు ఒక చూపు చూశారు. గణపత్ తెల్లబోయాడు.

దాదా అర్జీ కాగితం పట్టుకుని లేచాడు. "సాహెబ్, మేము..."

సాహెబ్ ఆ చేతిని కాగితంతో సహా రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "వద్దు. ఇవాళ ఏమీ మాట్లాడకు. కూర్చో." ఆయనా అమ్మకి ఎదురుగా దుప్పటి మీద కూర్చున్నారు. "ఎలా జరిగింది ఆయీ?"

అమ్మ ఆయన్ని కాసేపు చూసింది. ఆ ప్రశ్న ఆమెని ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

"పొద్దున్నే మడికి నీళ్లు పెట్టి వచ్చారు," అంది. "టీ పెట్టమన్నారు. తెచ్చేసరికి అదిగో, ఆ గోడకి చేరబడి ఉన్నారు. ఛాతీ పట్టేసిందన్నారు. జీపు తెచ్చారు మావాళ్లు. ఆసుపత్రికని బయల్దేరితే ఘాట్ రోడ్డు కూడా దిగనేలేదు. తిరిగి వచ్చి చూస్తే టీ అలాగే ఉంది నాయనా. మీగడ కట్టి."

టీ సంగతి నాకు తెలియదు. దాదాకీ తెలియదనుకుంటాను. అతను అమ్మ వైపే చూస్తున్నాడు.

దాదా తేరుకుని మళ్లీ నోరు తెరిచాడు. తాత్యా అతని మోకాలు నొక్కి, చెవి దగ్గర గొణిగాడు. "ఇది ఆరేళ్ల కిందటి చావని చెప్పకు. ఇంతమందిలో ఆయన్ని వెర్రివాణ్ణి చేస్తే రేపు మన మాట ఎత్తుతాడా?"

"ఎత్తకుండానే వెళ్లిపోతాడు తాత్యా."

"ఉష్."

నేను టీ పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. గణపత్ నన్ను చూసి, లోపలికి తీసుకెళ్లమని చెయ్యి ఊపాడు. ఇలాంటి ఇంట్లో టీ తాగకూడదు.

"పూలు మీ తోటవేనా?" సాహెబ్ దాదాని అడిగారు.

"అవును సాహెబ్."

"పుణ్యాత్ముడు. తను పెంచిన పూలే తన మీద పడ్డాయి."

దాదా నేల చూపులు చూశాడు. అమ్మ కొంగు కింద చెయ్యి కదిలింది. ప్లాస్టిక్ దండ గరగరమంది.

గణపత్ గడియారం చూపించాడు. జాబితాలో ఇంకో రెండిళ్లున్నాయి. సాహెబ్ లేచి ఫోటోకి దణ్ణం పెట్టారు. అమ్మ భుజం మీద చెయ్యి వేసి తీశారు. దాదా కాగితం పట్టుకుని రెండడుగులు వెంట నడిచాడు. చావు ఇంటినుంచి వెళ్లేటప్పుడు ఎవరూ వస్తామనరు, వెనక్కి తిరిగి చూడరు. సాహెబ్ చెప్పులు తొడుక్కుని, ఒక్క మాటా అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు.