ఎర్ఫుర్ట్ కప్పులు

భర్త క్లెమెన్స్ పోయాక వచ్చిన మొదటి డిసెంబరులో ఇర్మ్‌గార్డ్‌ను ఎలాగైనా ఇంట్లోంచి కదిలించాలని చెల్లెలు గుడ్రున్ పట్టుబట్టింది. రెండు రోజులకైనా ఏదో ఒక ఊరి క్రిస్మస్ సంతకు వెళ్ళి తీరాలంది.

"డ్రెస్డెన్ వెళ్దామా?"

ఇర్మ్‌గార్డ్ అలమరా వైపు చూసింది. ఏటా ఒక ఊరి సంతకు వెళ్ళి, వేడి వైన్ తాగిన కప్పులు తిరిగివ్వకుండా, కట్టిన డిపాజిట్టు వదులుకుని, జంటగా ఇంటికి తెచ్చుకోవడం ఆ దంపతుల అలవాటు. డ్రెస్డెన్‌వి రెండున్నాయి. ల్యూబెక్‌వీ, న్యూరెంబర్గ్‌వీ ఉన్నాయి.

"ఇలా అయితే దేశంలో ఊరే మిగలదక్కా. బావతో వెళ్ళనిది ఏదో నువ్వే చెప్పు."

"ఎర్ఫుర్ట్ వెళ్దాం."

"పోయినేడు వెళ్ళొచ్చారుగా."

"వెళ్ళాం. కప్పులు మాత్రం మీ బావ తిరిగిచ్చేశాడు. సంచీ బరువవుతుంది, వచ్చే ఏడు తెచ్చుకుందాంలే అన్నాడు. నా చేతిసంచీ కూడా లాక్కుని మోసే మనిషే. అలాంటివాడికి ఆ రోజు రెండు కప్పులే బరువయ్యాయి."

గుడ్రున్ ఇంకే ఊరి పేరూ ఎత్తలేదు. ఇర్మ్‌గార్డ్ లేచి, అలమరాలో కప్పులను పక్కకు జరిపి, రెండింటికి చోటు చేసింది.

"సంచీ నేను మోస్తాలే అక్కా," అంది గుడ్రున్.