వరసలో మొదటి చోటు

భాస్కరం పంతులు గోదావరిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అర్ఘ్యం అయింది, గాయత్రి అయింది. కళ్ళు తెరవకుండానే, వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుతూ, మధ్యాహ్నం అడగబోయే ఇంగ్లీషు ప్రశ్నలు అదే గొంతుతో వల్లించడం మొదలుపెట్టాడు. మెట్ల మీద బట్టలు పిండుకునేవాళ్ళకు అదీ జపమే అనిపిస్తుంది.

ఈ మధ్య ఆయన ప్రశ్నలు కాగితం మీద పెట్టడం మానేశాడు. ఇంట్లో దాస్తే భార్య చూస్తుంది, బళ్ళో దాస్తే ఊడ్చే చిట్టియ్య చూస్తాడు. పాలల్లో నీళ్ళు కలిపావా అని అందరూ అడుగుతారు. ఆ నీళ్ళు ఏ నూతివని కూడా అడిగే మనిషి ఈయన. అందుకే అన్నీ కంఠతా పట్టి, రేవులో నెమరు వేసుకుంటున్నాడు. పక్కనుంచి చేపల పడవలు పోతుంటాయి. వాటిని ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాక భార్య అమ్మణ్ణిని అడిగాడు.

"ఏమే, నిద్రలో నేనేమైనా మాట్లాడుతున్నానా?"

"గురక పెడుతున్నారండి."

"ఇంగ్లీషులో ఏమైనా?"

"గురకకి భాషేంటండి," అని ఆవిడ చారు వడ్డించింది. ఆ మాటలో ఏదో దాపరికం ఉందని ఆయన భోజనమంతా అనుకుంటూనే ఉన్నాడు.

ఆయన బాధకు కారణం లేకపోలేదు. ధవళేశ్వరం కాలవల ఆఫీసులో కొలువు కోరే యువకులకు ఆయన శనివారాలు ఇంగ్లీషు చెబుతాడు. చెప్పిందంతా ఒక ఆటగా తిరగేయిస్తాడు. అందరూ గోడవారగా వరసలో నిలబడాలి. పైవాడికి రాని జవాబు కిందివాడు చెబితే వాడు పైకి జరుగుతాడు. ఈ శనివారం ఆఖరి ఆట. మొదటి చోట మిగిలినవాడి పేరు హెడ్డు గుమాస్తాగారికి చెబితే వాడికి కాలవ లాకు దగ్గర పడవల లెక్క రాసే లాకు గుమాస్తా పని ఇస్తారు. తల నెరిసినా ఇంకా కింది తరగతుల పంతులుగానే ఉండిపోయిన భాస్కరానికి ఊళ్ళో ఉన్న ఒక్క గొప్ప ఇది.

అలాంటి ఆటలో కొన్ని వారాలుగా, ఎక్కడ మొదలుపెట్టినా, ముగిసేసరికి పల్లంరాజే మొదట నిలబడుతున్నాడు. వాడు రేవులో వల వేసుకునే పోతురాజు కొడుకు. మిషను బళ్ళో నాలుగు ముక్కలు చదువుకున్నాడు, పెళ్ళీడు వచ్చినవాడు. వలవాడి కొడుక్కి ఇంగ్లీషు జాతీయాలు ఎవరందిస్తున్నారన్నదే భాస్కరం అనుమానం.

మధ్యాహ్నం ఆట మొదలైంది. ఆయన పాఠం చదివి ప్రశ్నలడిగాడు. వర్తకుడు సగం దారిలో ఎందుకు వెనక్కి తిరిగాడు? ముగ్గురు తడబడ్డారు, పల్లంరాజు చెప్పాడు. ఆ తరవాత మాటల అర్థాలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"టు స్మెల్ ఎ ర్యాట్. అచ్చిబాబూ, అర్థమేంటి?"

"ఎలక వాసన చూట్టవండి," అన్నాడు మొదటి చోట ఉన్న అచ్చిబాబు. వరసంతా నవ్వింది.

"ఏదో మోసం ఉందని అనుమానపడ్డం అండి," అన్నాడు రెండో చోటునుంచి పల్లంరాజు. అని పైకి జరిగాడు. తరవాతి ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేశాడు. భాస్కరం పుస్తకం మూశాడు. మిగిలినవాళ్ళను అరుగు మీదికి పంపి తలుపు దగ్గరగా వేశాడు.

"నా ప్రశ్నలు నీకెవరు చెబుతున్నార్రా?"

పల్లంరాజు తల వంచుకున్నాడు. "మీరేనండి."

"నేనా?"

"తెల్లారగట్ల మా నాన్న వల లాగుతుంటే నేను తెడ్డు పడతానండి. రేవులో తమరు చదువుకుంటుంటే వినబడుద్దండి. జవాబు తమరు చెప్పరు కదండీ. అది నేనే పాదిరీగారి దగ్గరికెళ్ళి అడిగి తెలుసుకుంటానండి. దొంగతనం అనుకోలేదండి."

ఎవరైనా విన్నారేమోనని భాస్కరం తలుపు సందులోంచి అరుగు వైపు చూశాడు. దొంగ దొరికాడు, కాని ఆ దొంగ తనే. గాయత్రి చెప్పిన నోటితో, నీళ్ళలోనే, దొరల భాష జపిస్తున్నాడని అగ్రహారంలో తెలిస్తే నవ్వి చంపుతారు. బడి లేని రోజుల్లో చేసుకునే పౌరోహిత్యానికి పిలిచేవాడుండడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదండి. అననండి."

వాడు నిజమే చెబుతున్నాడని భాస్కరానికి తెలిసింది. నమ్మడం మాత్రం ఆయనకు చేతకాలేదు. లాకు గుమాస్తా అయితే వీడు రోజూ పదిమందిలో కూర్చుంటాడు. ఎప్పుడో ఒకప్పుడు నోరు జారడా? ఇలా తిరుగుతున్న తన బుద్ధిని చూసుకుని ఆయనకు నిజంగానే సిగ్గేసింది. అయినా అది తిరుగుతూనే ఉంది.

పొద్దు వాలేవేళ ఆఫీసు మెట్ల దగ్గర హెడ్డు గుమాస్తాగారు అడిగారు. "ఎవరండీ పంతులుగారూ, మొదటివాడు?"

"మొదటివాడి మీద నాకు కొంచెం అనుమానముందండి," అన్నాడు భాస్కరం. "రెండోవాడు అచ్చిబాబు. బుద్ధిమంతుడు."

ఆయన అనుమానాల సంగతి ఊరందరికీ తెలిసిందే కనక గుమాస్తాగారు కారణం అడగలేదు. ఆఫీసు ముందు రావిచెట్టు కింద నిలబడ్డ పల్లంరాజు అంతా విన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి భాస్కరం రేవులో దిగాడు. పెదవులు గట్టిగా బిగించుకుని మనసులోనే జపం చేసుకున్నాడు. పోతురాజు పడవ దగ్గరికి వచ్చింది. తెడ్డూ వలా రెండూ అతనే చూసుకుంటున్నాడు.

"అబ్బాయేడోయ్?"

"కాకినాడ పడవెక్కేశాడండి, చీకటితోనే. అక్కణ్ణించి బర్మాకి పోయే రంగం ఓడంటండి. మూటలు మోసే పనికి మనుషుల్ని పట్టికెళ్తన్నారంటండి."

భాస్కరం దోసిట్లోకి తీసుకున్న నీళ్ళు మళ్ళీ నదిలోకి వదిలేశాడు.

"పంతులుగారండీ," అన్నాడు పోతురాజు వల సర్దుకుంటూ. "గుమాస్తా పనికి ఇది లేకపోతే కుదరదని వాళ్ళమ్మ కొనిపించిందండి. మాకెందుకూ పనికిరాదు. తమకేమన్నా పనికొస్తాదేమో చూడండి."

పడవ బల్ల మీద, నీటి తుంపర తగలకుండా తాటాకు పరిచి, గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన తెల్లటి తలపాగా గుడ్డ మడత విప్పకుండా ఉంది.